రూజెనా అక్రోటు చెట్టూ, పసుపు దారీ

వెండెలీన్‌కు డెబ్బై రెండేళ్లు. రైల్వే గేటు దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు గానీ, ఊళ్లో అందరికీ అతను పసుపు వెండెలీనే. స్టేషన్ నుంచి జమీందారు కోట తోట మీదుగా పాత దుర్గం శిథిలాల దాకా పోయే తొమ్మిది కిలోమీటర్ల నడకదారి అతని బాధ్యత. దారి పొడవునా చెట్ల మీద రెండు తెల్లగీతల మధ్య ఒక పసుపుగీత వేయాలి, మూడేళ్లకోసారి దిద్దాలి. జీతం లేదు. గర్వం మాత్రం దండిగా ఉంది.

ఆ దారికో వింత ఉంది. వాగు పక్కన చదునుగా, బుద్ధిగా సాగే బాట రూజెనా అనే ఆవిడ ఇల్లు కనబడగానే మొహం తిప్పుకుని కొండెక్కుతుంది. అవతల దిగి మళ్లీ వాగు దగ్గరికే వస్తుంది. పైన చూడదగిందేమీ లేదు. సైకిళ్లవాళ్లు దిగి తోసుకుంటూ, దారి వేసిన మహానుభావుణ్ణి నోరారా తిట్టుకుంటూ ఎక్కుతారు.

కారణం ఊరంతటికీ తెలుసు. ముప్పై ఒక్కేళ్ల కిందట అతను రంగు డబ్బాలతో రూజెనా గేటు ముందు నిలబడ్డాడు. ఆ మలుపులో గీత వేయడానికి ఆమె అక్రోటు చెట్టొక్కటే ఉంది. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద ఆమె ప్లమ్ పళ్ల జామ్ అడుగంటింది. “నా చెట్టేమైనా నీ పలకా? పోయి కొండ మీంచి వేసుకో నీ దారి!” అని కసిరింది. మరొకడైతే మర్నాడు వచ్చి మళ్లీ అడిగేవాడు. వెండెలీన్ కొండ మీంచే వేశాడు.

ఇప్పుడు మోకాలు మొరాయించింది. నడకదారుల క్లబ్బు నుంచి మిలెనా వచ్చింది.

“ఈసారి కొండ ఎక్కగలరా, వెండెలీన్ గారూ?”

“ఎందుకెక్కలేను?”

“మొన్న బేకరీ మెట్లకే గోడ పట్టుకున్నారట.”

“ఎవరా మాటన్నది?”

“ఎవరు అనలేదని అడగండి. చూడండి, కొండ మీది గీతలు దిద్దలేకపోతే దారి మొత్తం పక్క ఊరివాళ్లకు ఇవ్వాల్సొస్తుంది. లేదంటే వాగు పక్కకు మార్చేయండి. రూజెనా గారు ఒప్పుకుంటే చాలు.”

మూడు రోజులు అలిగి ఇంట్లో కూర్చున్నాడు. ఎవరి మీద అలిగాడో అతనికే తెలియదు. దారి పోతే తనకు మిగిలేది రేడియో, మోకాలి తైలం. ఆ ఊహకే భయమేసింది. నాలుగో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, డబ్బాలు పట్టుకుని బయల్దేరాడు.

గేటు దగ్గర ఆగిపోయాడు. అక్రోటు చెట్టుకు ఛాతీ ఎత్తున, అరచేతి వెడల్పున బెరడు నున్నగా గీకి ఉంది. రంగు వేసే ముందు తను గీకే తీరే.

“ఇదెవరు గీకారు?”

“నేనే,” అంది రూజెనా గుమ్మంలోంచి. “జామ్ మాడిన మర్నాడే కత్తి తెచ్చి గీకాను. అప్పటికే తమరు కొండెక్కేశారు.”

“ఇది కొత్తగా గీకినట్టుందే!”

“బెరడు పెరగదా? నువ్వు డబ్బాలు పట్టుకు తిరిగే ఏడల్లా మళ్లీ గీకుతూనే ఉన్నా.”

“ఒక్క మాట చెప్పొచ్చుగా!”

“నువ్వు గేటు దాకా వస్తేగా! దేశంలో వాళ్లందర్నీ కొండెక్కించావు. దిగొచ్చి మంచినీళ్లకు నా పెరటి తలుపే కొట్టారు. నువ్వు తప్ప.”

వెండెలీన్‌కు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. తెల్లగీతలు వేసి, మధ్యన పసుపు నింపాడు. అప్పుడు గుర్తొచ్చింది, కొండ మీది పాత గుర్తులు ఈ రోజే చెరపాలి, లేకపోతే జనం దారి తప్పుతారు. కొండకేసి చూసి మోకాలు నిమురుకున్నాడు.

ఆమె అతని సంచిలోంచి గీకుడు కత్తి తీసుకుంది.

“కూర్చో. నేను చెరిపొస్తాను.”

“ఇరవై ఏడున్నాయి, రూజెనా. నీకు దొరకవు.”

“ఇరవై ఎనిమిది. ఆఖరిది పొద చాటున ఉంది, నువ్వే మర్చిపోయావు,” అని ఆమె కొండెక్కడం మొదలుపెట్టింది.