నాకొచ్చిన శని చీటీ

తొమ్మిదో తరగతిలో నాకు శని పట్టింది. చీటీ తీసి మరీ పట్టించుకున్నాను.

మా స్కూలు కొత్తగూడ దగ్గర, బండరాళ్ల మధ్య ఉండేది. సైన్సు ప్రదర్శనకు మా సారు సూర్యకుటుంబాన్ని రోడ్డు మీద నిలబెడతానన్నారు. సూర్యుడు వాలీబాలంత ఉంటే భూమి ఆవగింజంతట. ఆ లెక్కన సూర్యుణ్ణి గేటు దగ్గర పెడితే శని కిరాణా కొట్టు మలుపులో పడతాడు, ప్లూటో దాదాపు కిలోమీటరు అవతల. అప్పటికి ప్లూటోను ఇంకా గ్రహాల్లోంచి తీసెయ్యలేదు కాబట్టి తొమ్మిది చీటీలు వేశారు.

నా చీటీ చదవగానే క్లాసంతా ఘొల్లుమంది. నేను మాత్రం లోపల్లోపల గంతులేశాను. మిగతా వాళ్ల చేతుల్లో గింజలో గోళీలో ఉంటాయి. నడుముకు వలయాలు కట్టుకునేది నేనొక్కణ్ణే. ఆ సాయంత్రమే వీధి చివర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఖాళీ అట్టపెట్టె అడిగి తెచ్చి గుండ్రంగా కోశాను. మా వైపు కంప్యూటర్లకన్నా వాటి పెట్టెలే ఎక్కువ కనబడేవి. శని వలయం మీద గాజుగ్లాసు బొమ్మ, పైకి చూపించే బాణం అలాగే ఉండిపోయాయి.

నానమ్మ సంగతి విని కూలబడింది.

"వీడికి ఏలినాటి శని వదిలి ఏడాది కాలేదు. ఇప్పుడు వీణ్ణే శనిని చేస్తారా? కుదరదు. బుధుడివి అవ్వరా."

"బుధుడు ఆవగింజలో సగం కూడా ఉండడు నానమ్మా."

"ఉండకపోతేనేం? ఒకరి జోలికి పోడు."

మర్నాడు నన్ను చెయ్యి పట్టుకుని స్కూలుకి లాక్కెళ్లింది. రెండో చంకలో వలయం పెట్టుకునే వెళ్లాను, ఆశ కొద్దీ.

"ఏవండీ మేష్టారూ, పిల్లాణ్ణి పట్టుకుని శని అంటారా?"

"అమ్మా, జర కూసోండ్రి. ఫికర్ జేయకండ్రి, ఇంకోనికి ఇస్త."

"సార్, నేనే ఉంటా," అన్నాను. నా గొంతు నాకే జాలిగా వినిపించింది.

సారు ఇద్దరినీ చూశారు. "ఏందిరా, గంత ఇష్టమా? గిది చెప్పు. శని సూర్యుని సుట్టు ఒక్కపారి తిరగాలంటె ఎన్నేండ్లు వడ్తది? చెప్తె అమ్మను నేను ఒప్పిస్త. లేకుంటె ఇగ బుధుడివే."

వలయాల గురించి ఏమడిగినా చెప్పేవాణ్ణి. ఇది మాత్రం రాదు. పైకి చూశాను. ఫ్యానూ తిరుగుతోంది గానీ, జవాబు చెప్పడం లేదు.

నానమ్మకు శని అంటే భయం. మనవడు పదిమందిలో నోరు వెళ్లబెట్టడమంటే అంతకన్నా భయం.

"రాశికి రెండున్నరేళ్లు, రాశులు పన్నెండు. ముప్ఫై అని ఏడవరా వెధవా!"

"ముప్ఫై సార్."

సారు పగలబడి నవ్వారు. "కరెక్టే అమ్మా! అంత దూరంల ఉన్నోనికి సూర్యుని గుంజుడు తక్కువ, సుట్టు పెద్దది. అందుకే నడక మెల్లగ."

"అందుకే కదండీ ఆయన్ని మందుడన్నారు," అంది నానమ్మ గర్వంగా. తనే నన్ను శనిని చేసేసిందని ఆవిడకి ఆ తర్వాత అర్థమైంది.

ప్రదర్శన రోజు కిరాణా కొట్టు మలుపులో వెలిగిపోతూ నిలబడ్డాను. ప్లూటో బజ్జీల బండి దగ్గర ఉన్నాడని విన్నాం. ఎవరూ వెళ్లి చూసిరాలేదు.

నానమ్మ నువ్వుల ఉండల డబ్బాతో వచ్చింది. శనికి నువ్వులిష్టం, నాకు ఉండలిష్టం. వలయం తడిమి, "ఇదేవిట్రా?" అంది.

"మంచుముక్కలు, రాళ్లూ. కోట్లకొద్దీ ఆయన చుట్టూ తిరుగుతుంటాయి."

"ఇంత సోకు చేసుకునేవాడికి మనల్ని పీడించే తీరికెక్కడిదీ!" అని మెత్తబడింది. అయినా ఎందుకైనా మంచిదని చెప్పులు విడిచి నా చుట్టూ ప్రదక్షిణ మొదలెట్టింది. వెనకాల వచ్చిన తల్లిదండ్రులు ఇదీ ప్రదర్శనలో భాగమనుకుని వరసలో కలిశారు. గేటు దగ్గర సూర్యుడి చుట్టూ తిరగడానికి ఒక్కరూ మిగల్లేదు.

శనికి ప్రదక్షిణ చేశాక వెనక్కి తిరిగి చూడకూడదని నానమ్మ నియమం. చూడలేదు. డబ్బాతో సహా ఇంటిదారి పట్టింది.

"నానమ్మా! ఉండలు!"

ఆగింది. మొహం ఇంటివైపే ఉంచి, డబ్బా ఉన్న చెయ్యి మాత్రం వెనక్కి చాపింది. పరిగెత్తాను. నాకన్నా ముందు వలయం వెళ్లి ఆమె వీపుకు తగిలింది.

"ఎవర్రా అది?"

"శనిని నానమ్మా."

"తెలుస్తోందిలే. ఉండలు తీసుకుని నన్నొదులు!"