సావుకారు మింగిన మాత్రలు

మా అత్త అంజినమ్మకి తెలీని రోగం లేదు. ఆమె లెక్కలో అయితే లేదు. సిరుగుప్పలో ఒడ్ల మిల్లులో కసువు ఊడ్చే పని ఆమెది. మిల్లులో ఎవురికి కడుపునొచ్చినా, కాలు బెణికినా డాక్టర్ కంటే ముందు మా అత్తే మందు చెప్తాది. నేను ఆమె కోడలు అంబికని. నాకు నోరు జాస్తి, ఆమెకి నాకంటే జాస్తి. ఇంక మా ఇల్లెట్లుంటాదో మీరే అనుకోండి.

ఆ మిల్లులోనే దొరికింది మా పిల్లి. పదమూడేండ్ల కింద ఒడ్ల బస్తాల నడుమ అరుస్తాంటే అత్త కొంగులో పెట్టుకోని తెచ్చింది. మిల్లంతా తనదే అన్నట్టు తోక లేపుకోని తిరుగుతాడని సావుకారు అని పేరు పెట్టింది. సొంత కొడుక్కి, అదే నా మొగుడు ఓబులేష్‌కి, ఆమె చేపముల్లు తీసి పెట్టింది నేను సూడలేదు. సావుకారుకి మాత్రం రోజూ తీసి పెడతాది. నాకు ఆ పిల్లి అంటే మంట. దాచేదేముండాది.

పోయిన ఎండాకాలం మొదట్లో సావుకారుకి ఆకలి రేగింది. గిన్నె నాకేవాడు, నా పాలచెంబులో తల దూర్చేవాడు, అయినా రోజురోజుకీ ఎముకలగూడు అయితాండాడు. దిష్టి తగిలిందని అత్త ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గినాం. పిల్లి మాత్రం ఇంకో గిన్నె ఖాళీ చేసినాడు. ఆఖరికి బస్సెక్కి బళ్లారిలో పశువుల డాక్టర్ బసవరాజ్ కాడికి తీసకపోయినాం. ఆయన పిల్లి గొంతు తడిమి సూసి, పరీక్షకి రక్తం తీసుకున్నాడు. రెండ్రోజులకి అత్తకి ఫోన్ చేసి, థైరాయిడ్ ఉండాది, వచ్చి మందు రాయించుకోండి అన్నాడంట.

అత్త బళ్లారికి పోతే గదా. ఆమెకీ థైరాయిడే, పదేండ్లుగా మాత్ర మింగుతాంది. పొద్దన్నే పరగడుపున తానొక మాత్ర వేసుకోని, ఇంకోటి నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క ఎండుచేప పొడిలో కలిపి వాడికి పెట్టేది. నేను బడిలో పిల్లోళ్లకి మధ్యాన్నం బిసియూట వండేదానికి పోతా. మందేస్తాండానని నాతో అనిందే గానీ, ఏ మందో చెప్పలేదు.

ఎనిమిదో దినం బడికి సెలవు. సావుకారు గోడెక్కుతాడు, దిగుతాడు, ఊరికే అరుస్తాడు. పట్టుకుంటే గుండె నా అరచేతిలో కుట్టుమిషన్ మాదిరి కొట్టుకుంటాంది. అత్త చేతిలో సూస్తే ఆమె మాత్రల డబ్బా.

"అత్తా, ఇది నీ మందు గదా?"

"రోగం ఒకటే అయినప్పుడు మందు ఒకటే గాదా ఏంది?"

నాకు ఒళ్లు మండింది. "ఆ రోగమొచ్చి నువ్వు లావెక్కితివి, వాడు సన్నబడె. ఒకటే రోగం ఎట్లయితాది అత్తా?"

ఆమె మొగం పాలిపోయింది. పిల్లిని ఒళ్లోకి తీసుకోని, "సచ్చిపోతాడేమోనే అంబికా" అనింది. ఆమె భయపడింది సూస్తే నాకూ భయమేసింది.

బుట్టలో పెట్టుకోని మళ్లీ బళ్లారికి పోయినాం. డబ్బా సూసి డాక్టర్ మొగం ఎర్రబడింది. అత్తకి గొంతులో గ్రంథి పని తగ్గిందంట, దాన్ని పెంచేదానికి ఆ మాత్ర. సావుకారుకి అదే గ్రంథి పని మితిమీరిందంట. మండే పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టు చేసినారు అన్నాడు. "యారమ్మా కొట్టిద్దు ఇదన్న?" అని కన్నడంలో గద్దించినాడు, ఇచ్చిందెవరని.

అత్త నేల సూస్తాంది. కొంగు కొన వేలికి చుట్టుకుంటాంది. ఇంట్లో అయితే నెల దినాలు దెప్పిపొడిచేదాన్ని. ఈడ పరాయోని ముందర ఆమె అట్ల నిలబడింటే నాకు మనసొప్పలేదు. "నేనే సార్, తెలీక ఇచ్చినా" అన్నా. ఆయన నన్ను కడిగి పారేసినాడు. నోరు మూసుకోని తిట్లు తినడం నాకు అదే మొదలు.

కొత్త మాత్ర పొద్దన్న అర, మాపిటికి అర, బతికినన్నాళ్లూ. చేపలో పెడితే చేప తిని మాత్ర ఊసేవాడు. అత్త మళ్లీ తప్పు చేస్తానేమోనని డబ్బానే ముట్టదు. ఇంకెవురు? నేనే. పాత లుంగీలో చుట్టి, తల మాత్రం బైట పెట్టి, దవడ పక్కన వేలు దూర్చి, నాలుక వెనక మాత్ర వేసి గొంతు నిమరాల. మొదటి వారం నా చేతులనిండా గీతలే. నీ సావుకారితనం తగలెయ్య అని తిట్టుకుంటానే వేసేదాన్ని. మూడు వారాలకి అరుపులు తగ్గినాయి. మధ్యాన్నం నా కాళ్ల కాడికొచ్చి పండుకునేది మొదలుపెట్టినాడు. వాడు నాకు ముద్దొస్తాండాడని అత్తతో మాత్రం అనలేదు.

నెల దాటినాక పరీక్షకి పోతే, అర కిలో పెరిగినాడు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటాంది. ఇంక భయం లేదన్నాడు డాక్టర్. "ఆ దినం నిన్ను తిట్టినా గానీ, బాగా సూసుకున్నావమ్మా" అని నాతో అన్నాడు.

నేను సరే సార్ అని పిల్లిని బుట్టలో పెడతాంటే అత్త ముందుకొచ్చింది. వాకిలి కాడ నలుగురైదుగురు కుక్కల్ని పట్టుకోని ఇంటాండారు.

"సార్, ఆ మాత్ర వేసింది నేను. ఆ దినం తిట్లన్నీ నాకు రావాల్సినవి" అనింది. "ఈ పొగడ్త మాత్రం నా కోడలిదే. దాంట్లో నాకు వాటా లేదు."

నాకు కండ్లు మసకలాయ. బుట్ట మూత అత్తే వేసింది.