పెరోలు కాగితంలో నేను చదివిన తేదీ

తొమ్మిదేళ్లుగా ఒక తేదీని మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు. చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటున్నా అందులోనూ రాయలేదు. రాస్తే మళ్లీ నేనే చదవాల్సి వస్తుందని భయం. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పడం తేలిక.

నాకు పద్నాలుగేళ్లప్పుడు మా నాయన జైల్లో ఉన్నాడు. చేని గట్టు తగాదాలో ఆయన చేతిలో ఒక మనిషి చనిపోయాడు, నాయనకు యావజ్జీవం పడింది. అది ఆయన తప్పు, దాన్ని ఆయన ఏనాడూ దాచలేదు. దాచింది నేను.

ఆ ఏడు ఆయనకు మొదటిసారి పెరోలు వచ్చింది. కొన్నాళ్లు ఇంటికి పంపి, మళ్లీ రమ్మంటారు. దానికే ఆరు నెలలు పట్టింది. కానిస్టేబులు ఊరికి వచ్చి "వాడొస్తే గొడవేమన్నా అవుతాదా?" అని ఇల్లిల్లూ అడిగాడు, చనిపోయినాయన ఇంట్లో కూడా. అమ్మ తమ్ముడు, మా మామ, జామీను నిలబడ్డాడు. పదిహేను రోజులు ఇచ్చారు. ప్రతి సోమవారం స్టేషన్లో వేలిముద్ర వేయాలి. గడువు నాటి సాయంత్రం ఐదు లోపల జైలు గేటు దగ్గర ఉండాలి. కాగితమంతా ఇంగ్లీషు. మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం వాన పడింది. నెల రోజులుగా ఊరంతా ఎదురుచూస్తున్న విత్తనం వాన. నాయన చేనికి పోయి, ఎర్రమట్టి పిడికిట పట్టి చూసుకుని వచ్చాడు.

"పదును బాగుండాది. రేపు గొర్రు కడితే శెనక్కాయ పడిపోతాది. కానీ రేపు పోవల్ల గదమ్మా, పదైదు దినాలైపాయ. దేనికైనా మంచిది, ఒకతూరి కాగితం చూడు."

చూశాను. తేదీ రేపటిదే.

"ఎల్లుండి నాయనా. వచ్చిన దినం లెక్కలోకి రాదంట."

"అట్లనా?" వేళ్లు మడిచి మళ్లీ ఎంచుకున్నాడు. "నా లెక్కకు రేపే వస్తాంది. సరేలే, చదువుకున్నదానివి నువ్వు."

ఎందుకు అలా చెప్పాను? చేను కోసమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? అడిగితే మామ విత్తిపెట్టేవాడే. బడిలో నన్ను "జైలుకు పోయినోని కూతురు" అనే పిల్లలందరూ మరునాడు చేలల్లో ఉంటారని నాకు తెలుసు. నాయన గొర్రు తోలుతుంటే వెనకాలే విత్తనం పోస్తూ నేను నడవడం వాళ్లు చూడాలి. అంతే. చూశారు కూడా. ఆ రోజు నాకు ఎంత బాగుండిందంటే, ఇప్పటికీ దాన్ని తలుచుకుని పూర్తిగా సిగ్గుపడలేను.

ఆ మరునాడు నాయన తనంతట తానే పోయి గేటు ముందు నిలబడ్డాడు. ఒక రోజు ఆలస్యం. అప్పటికే జైలునుంచి కబురొచ్చి మామను స్టేషన్లో కూర్చోబెట్టారు. మంచి నడవడికకని తగ్గించిన శిక్షలో కొంత మళ్లీ కలిపారు. తర్వాత రెండేళ్లు, గడువు మీరాడన్న ఒక్క కారణంతో పెరోలు అర్జీలు తిరిగొచ్చాయి.

ఇంతవరకు చిన్నపిల్ల చేసిన పని అనుకోవచ్చు. నన్ను తినేసింది దీని తర్వాతది. నెల తర్వాత నాయనను చూడ్డానికి జైలుకు, ములాఖత్‌కు పోయాం. ఇనుప జాలీకి అటు నాయన, ఇటు మేము.

"మొగోనివి, వేళ్లెన్నుండాయో కూడా తెలీదా నీకు?" అని అమ్మ ఆయన్ను తిట్టి, నావైపు తిరిగింది. "ఏమే, నువ్వేమని చదివినావు?"

"రేపనే చదివినా," అన్నాను. "నాయనే ఎల్లుండి అనుకున్నాడు."

నాయన కాసేపు నన్ను చూశాడు. "అట్లనే ఉంటాది. వానను జూసి నా మతి పోయిండాది," అన్నాడు.

నన్ను కాపాడుతున్నాడనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది. మెల్లగా తెలిసింది, ఆయన నిజంగానే నమ్మాడు. నా మాటను నమ్మి, తన బుర్రను నమ్మడం మానేశాడు. మూడేళ్ల కింద విడుదలైనప్పుడు, మూడు నెలలకోసారి స్టేషన్లో కనబడాలన్నారు. ప్రతిసారీ ఒక రోజు ముందే పోతాడు. "ఏమప్పా, ఇంకా దినముండాది గదా, మామీద అంత ప్రేమనా?" అని కానిస్టేబులు నవ్వి పంపేస్తాడు. మళ్లీ మరునాడు పోతాడు. పండగ ఏ వారమో, సంత ఏ నాడో, అన్నీ నన్నే అడుగుతాడు. నేను చెబితే తల ఊపుతాడు. ఆ నమ్మకం నాకు ఇష్టంగా కూడా ఉండేది. ఇది రాయడానికే అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది.

ఇప్పుడు మేం బాగున్నాం. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లకు జేబులు కుడతాను. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక పది పేజీలు చదువుకుంటాను. ఆదివారం ఊరికి పోతే అమ్మ ఉగ్గాని చేస్తుంది, నాయన గొర్రెల సంగతులు చెబుతాడు. ఇంత బాగున్నప్పుడు ఎందుకు కదిలించాలి అనిపించేది. ఇంత బాగున్నప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనిపించింది.

పోయిన ఆదివారం ఇద్దరం విత్తనం కాయలు వలుస్తూ ఉన్నాం. చెప్పాను. చదివిన తేదీ, జాలీ దగ్గర ఆడిన అబద్ధం, రెండూ. క్షమించమని అడగలేదు. అడిగితే వెంటనే సరేలే అంటాడు, అది నాకు వద్దనిపించింది. ఆయన పుచ్చు గింజలు పక్కన వేస్తూ చేట నిండేదాకా వలిచాడు. నాకు మాత్రం నెత్తి మీదినుంచి నీళ్లబిందె దించినట్టు ఉండింది.

సోమవారం పొద్దున బస్సు దాకా వచ్చాడు. నేను బస్సెక్కి కూర్చున్నాక కిటికీలోంచి నా సంచి అందించాడు. వేళ్లు ఒక్కొక్కటే మడిచి, తెరిచి, తనలో తాను చెప్పుకున్నట్టు అన్నాడు.

"అయితే ఆ పొద్దు నేను సరిగ్గానే ఎంచినా."