బెత్తెడు గడ్డి

మా మనవరాలు నిన్న పాఠం పైకి చదువుతోంది. మనిషి ప్రకృతిని పాడు చేశాడట. వింటుంటే నాకు ఒళ్లు మండింది. ఏ మనిషి? ఊరూ పేరూ చెప్పకుండా అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎట్లా? నేను చదివింది రెండో తరగతే. కానీ మా గుట్టను ఎవరు గీకారో, ఎందుకు గీకారో కళ్లారా చూశాను. అందులో నా చెయ్యి కూడా ఉంది. అదీ దాచను.

మాది కార్ఖానా బస్తీ. నాన్న పోయాక మమ్మల్ని సాకింది రెండు బర్రెలు. అమ్మ తెల్లవారకముందే పాలు పిండి, బిందె నెత్తిన పెట్టుకుని చిలకలగూడ దాకా నడిచి పోసి వచ్చేది. పక్కింట్లో చాచీ. వాళ్లది టాంగా. వాళ్ల గుర్రానికీ మా బర్రెలకీ గడ్డి ఒక్కచోటి నుంచే, నేరేడ్‌మెట్ వైపు గుట్ట వాలు మీద నుంచి వచ్చేది. ఆ గడ్డి లేకపోతే బర్రెలు లేవు. బర్రెలు లేకపోతే మాకు పూట గడవదు.

వాలు సర్కారుదే. అయినా ఏడెనిమిది ఇళ్ల ఆడవాళ్లు రాళ్లు హద్దు పెట్టుకుని దాన్ని చాళ్లుగా, అంటే పొడుగు పట్టీలుగా, పంచుకున్నారు. ఒకరి చాల్లో ఒకరు కాలు పెట్టరు. దసరా దాటి విత్తనం ముదిరేదాకా ఎవరూ కొడవలి పట్టరు. కోసినా మొదలు దగ్గర బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు, వదిలి కోయాలి. మోపు కట్టేముందు గడ్డిని తలకిందులు చేసి అక్కడే దులపాలి. దులపకుండా మోపెత్తితే చాచీ ఊరుకునేది కాదు.

"ఏందే బిడ్డా, విత్తనం సుత బర్రెకే పెడుతవా? మరి వచ్చే యేడు దానికి నీ కొప్పు కోసి పెడుతవా?" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నవ్వుతూనే మోపు విప్పి దులిపేవాళ్లు.

వాలు కింద ఇసుకలో తవ్విన చెలిమె ఉండేది. ఎండాకాలంలోనూ బర్రెలు అందులో నీళ్లు తాగేవి. "గడ్డి తాగినంక మిగిలిన నీళ్లే మనయి" అనేది అమ్మ. వాన నీటిని గడ్డి పట్టి ఉంచి నెమ్మదిగా కిందికి వదులుతుందని ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు.

పోలీస్ యాక్షన్ జరిగింది సరిగ్గా గడ్డి పూతకు వచ్చిన రోజుల్లో. చాచీ వాళ్లు ముసల్మాన్లు, భయంతో తలుపులు వేసుకుని లోపలే ఉండిపోయారు. టాంగా కదల్లేదు. దసరా దాటి మేమంతా కోతకు దిగినా చాచీ చాలు మాత్రం అట్లాగే నిలబడి ఉంది. అమ్మ మా చాల్లోంచి రోజూ ఒక మోపు వాళ్ల గుర్రానికి వేసేది. ఆమె చాల్లోదే కోసి వేయవచ్చు కదా అని నేనంటే, "ఆమెది ఆమెదే. వచ్చి కోసుకుంటది" అంది. నిజంగానే నెల తర్వాత చాచీ కొడవలి పట్టుకుని వచ్చింది.

మరుసటి ఏడు, గడ్డి ఇంకా పచ్చిగా ఉండగానే ఒక గుత్తేదారు మనుషులు దిగారు. పలటన్‌లో, అంటే మిలిట్రీలో, బరువులు మోసే కంచరగాడిదలకు ఆ గుత్తేదారు గడ్డి అందిస్తాడట. చేతిలో కాగితం, వెంట ఇరవై మంది కూలీలు, వాళ్ల చేతుల్లో కుర్పలు. కుర్ప గడ్డిని కోయదు, నేలను గీకి వేర్లతో సహా లేపుతుంది.

అమ్మ వాళ్ల మేస్త్రీకి అడ్డం పోయింది. "దసరా దాటనియ్యి అన్నా. విత్తనం ఇంకా పాలమీదనే ఉన్నది."

"దసరాకు మా గుత్తే అయిపోతదమ్మా. గాడిదలు పండుగ జూసి తింటయా?"

"సరే, కొయ్యి. బెత్తెడు ఇడిసి కొయ్యి."

"బెత్తెడు ఇడిస్తే ఆ బెత్తెడు నువ్వు కోసుకపోతవు" అని పకపకా నవ్వాడు. గుత్త మూడు నెలలదట! గడ్డికి ఏడాది పడుతుంది. ఇది తెలియనివాళ్లు కాగితం రాశారు, తెలిసినవాళ్లను ఒక్క మాట అడగలేదు. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం చల్లారలేదు.

నాలుగో రోజుకు గీకుడు మా చాలు దగ్గరికి వచ్చింది. నాకు పద్నాలుగేళ్లు. భయమేసింది. ఒక కూలామె దగ్గర కుర్ప అడిగి తీసుకుని, వాళ్లకంటే ముందు మా చాలంతా నేనే గీకేశాను. మోపు దించగానే అమ్మ వేర్లకు అంటిన మట్టిని చూసింది.

"ఎట్లయినా వాళ్లు గీకుతరు గదనే. మన బర్రెలన్న తింటయని..." అన్నాను.

గోడ అవతలి నుంచి చాచీ అంది: "వాడు మూడు నెలలకొచ్చినోడు బిడ్డా. రేపు పోతడు. నువ్వేడికి పోతవు?"

మళ్లీ వానాకాలం వచ్చింది. పట్టుకునే వేరు లేక గుట్ట మట్టంతా ఎర్రటి నీళ్లయి కిందికి దిగింది. చెలిమె పూడిపోయింది. మూడుసార్లు తోడాం, మూడుసార్లూ పూడింది. వాలు మీద పల్లేరు ముళ్లు తప్ప ఏమీ లేవలేదు. గుత్తేదారు ఇంకో గుట్ట చూసుకున్నాడు.

అప్పుడు ఒక బంట్రోతు వచ్చి వాలు దగ్గర రాత ఉన్న పలక ఒకటి మేకులతో కొట్టాడు. ఏం రాశారని అమ్మ అడిగితే చదివి వినిపించాడు: పశువుల మేతవల్ల గుట్ట పాడైనది, ఇకమీదట ఎవరూ ఇక్కడ మేపరాదు.

"మా బర్రెలు ఈ గుట్ట ఎక్కనే ఎక్కలే. మేం కోసుకపోయి పెట్టినం" అంది అమ్మ. "గీకుమని కాగితం ఇచ్చినోళ్ల పేరు ఏడ రాసిర్రు? జెర సూడు."

"నేను రాయలేదమ్మా. కొట్టమన్నరు, కొట్టిన" అన్నాడు అతను. పాపం, పలక వెనక వైపు కూడా వంగి చూశాడు.

కొనుక్కొచ్చిన చొప్పతో చలికాలమంతా లాగాం. పాలు తగ్గాయి. ఆ ఎండాకాలం అమ్మ బర్రెలను అమ్మకానికి పెట్టింది. మొదట వచ్చినాయన మంచి ధరే చెప్పాడు. గడ్డి ఎట్లా తెస్తావని అమ్మ అడిగింది. కూలీలతో గీకిస్తానన్నాడు. అమ్మ పలుపు విప్పలేదు. తర్వాత వచ్చిన ఇంకొకాయనను గడ్డి ఎట్లా కోస్తాడో చేత్తో చూపించమంది. అతను వంగి, నేల మీద అరచెయ్యి అడ్డంగా నిలబెట్టి, ఆ బెత్తెడు పైనుంచి కోసినట్టు చూపించాడు. అమ్మ రెండు పలుపులూ అతని చేతికిచ్చి లోపలికి పోయింది.