ఆస్మండ్ బాబాయి పాన్‌లో రెండు స్వరాలు

ఆస్మండ్ సెలెస్టిన్‌కి డెబ్బై రెండేళ్ళు. మా బెల్మాంట్ పేట బ్యాండులో యాభై నాలుగేళ్ళుగా స్టీల్‌పాన్ వాయిస్తున్నాడు. నూనె పీపా అడుగుని సుత్తితో సొట్టలు కొట్టి, ఒక్కో సొట్టలో ఒక్కో స్వరం పలికేలా చేసిన వాద్యం అది. మధ్యలో పోస్టాఫీసులో ఉద్యోగం చేశాడు, పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లల్ని కన్నాడు. అవన్నీ రిహార్సల్స్ మధ్య ఖాళీల్లో చేశానంటాడు. మేం వాయించుకునే యార్డు తాళాలు ఆయన నడుముకే వేలాడేవి. ఆయన వచ్చేదాకా ఎవరైనా గేటు బయట నిలబడాల్సిందే, కెప్టెన్ అయినా సరే.

ఈసారి కార్నివాల్ పోటీకి పాట మొదలుపెట్టగానే బాబాయి తడబడ్డాడు. మా దగ్గర కాగితం చూసి వాయించడం లేదు, ఎంత పెద్ద పాటైనా బుర్రలోనే ఉండాలి. పోటీలో వాయించేవాళ్ళ జాబితా రాసేముందు కెప్టెన్ ఒక్కొక్కరి చేత విడిగా వాయించి చూస్తాడు. ఆ పరీక్షలో, పాటలో స్వరాలు గబగబా కిందికి దిగే చోట బాబాయి అపస్వరం పలికించాడు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

"ఏం బాబాయ్, పొద్దున్నే రమ్ము పడిందా?" అన్నాడు కెప్టెన్ కెర్విన్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

"గురువారం మళ్ళీ వింటా. అప్పుడూ ఇంతే అయితే, పోటీ ఇంట్లో కూర్చుని టీవీలో చూద్దువుగాని."

అందరూ వెళ్ళాక బాబాయి తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గెమ్మా, ఇవి నీ దగ్గరుంచమ్మా."

"ఎందుకూ?"

"మా అమ్మకి ఇలాగే మొదలైంది. ముందు పాటలు మర్చిపోయింది. తర్వాత మా పేర్లు."

"ఛీ, అవేం మాటలు!" అని కసిరాను. కసిరానే కానీ, ఆ తాళాలు తీసుకుని ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను.

బుధవారం మధ్యాహ్నం నేనే వెళ్ళి గేటు తీశాను. పాన్‌ల మీద దుమ్ము తుడుస్తూ బాబాయి పాన్ దగ్గరికొచ్చాక చేయి ఊరుకోలేదు. వాయించే పుల్లలు తీసుకుని, ఆయన తప్పిన చోటే వాయించాను. ఒక్క తప్పు లేకుండా వచ్చింది. అబ్బో, నేనూ తక్కువదాన్ని కాదే అని మురిసిపోయాను కూడా.

మరుక్షణం అనుమానం వచ్చింది. ఎలా వచ్చింది? ఇరవై ఏళ్ళుగా ఆ పాన్ ముట్టుకున్నప్పుడల్లా నా చేయి అక్కడ తప్పుతూనే ఉంది. పూర్వం పాన్ చేసే ప్రతివాడిదీ ఒక పద్ధతి. బాబాయి పాన్ చేసిన ముసలాయన కోడిగుడ్డంత చిన్న సొట్టల్లో పలికే స్వరాలు రెండింటిని, మా అందరి పాన్‌లలో ఉన్నట్టు కాకుండా, అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు. ఇప్పుడెవరో వాటిని మా పాన్‌లలోలాగే మార్చేశారన్నమాట. నాకు సరిగ్గా వచ్చిందంటే బాబాయికి తప్పుగా వస్తుంది!

మా పాన్‌లు శ్రుతిచేసే రాల్‌స్టన్‌కి ఫోన్ కొట్టాను. "క్రిస్మస్ ముందు బాబాయి పాన్‌ని ఏం చేశావురా?"

"శ్రుతి చేశానక్కా. పాపం, రెండు స్వరాలు తప్పు చోట ఉంటే సరిచేసి పెట్టా."

"తప్పు నీ మొహంలా ఉంది! సుత్తి పట్టుకుని ఇప్పుడే రా."

"మంచి చేసినా తిట్లేనా?" అని గొణుక్కుంటూనే వచ్చి, ఆ రెండు స్వరాల్నీ మళ్ళీ పాతచోట్లకే మార్చాడు.

అక్కణ్ణుంచి బాబాయి ఇంటికి పరుగెత్తాను. మెట్ల మీద కూర్చుని బఠాణీలు వలుస్తున్నాడు. జరిగింది చెప్పాను. ఆయన చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. పరీక్షలో ఆయన కొట్టాల్సిన చోటే కొట్టాడు, వేరే స్వరం పలికింది. పాన్‌ని అనుమానించాలని ఆయనకు తోచలేదు, తననే అనుమానించుకున్నాడు.

"అయితే నా బుర్ర..."

"నీ బుర్ర నిక్షేపంలా ఉంది బాబాయ్. లేనిది రాల్‌స్టన్‌గాడికి."

పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. హమ్మయ్య, నాకు ప్రాణం లేచివచ్చింది.

గురువారం బాబాయి వాయించాడు. ఆ దిగే చోటు ఎంత శుభ్రంగా దిగిందో! కెర్విన్ జాబితాలో ఆయన పేరు రాశాడు. "రమ్ము మాట ఎత్తినందుకు క్షమించు బాబాయ్" అన్నాడు.

బాబాయి నావైపు చేయి చాచాడు. "తాళాలు."

"ఉండనీ బాబాయ్, గేటు దగ్గర పెత్తనం నాకు బాగానే ఉంది."

"ఇవ్వవే!"

ఇచ్చాను. గుత్తి నడుముకి తగిలించుకుని, కెప్టెన్‌తో సహా అందర్నీ బయటికి పొమ్మన్నాడు. మేం రోడ్డు మీద నిలబడ్డాం. బాబాయి గేటు వేసి తాళం పెట్టాడు. మళ్ళీ తనే తీశాడు.