ఢిల్లీలో ముగ్గురు, కనగానపల్లిలో అయిదుగురు

మా పక్కింటి అవ్వ మొన్న సోమవారం పొద్దున చనిపోయింది. కబురు చెప్పింది మా అమ్మ. "అవ్వ పోయిందిరా. ఇంగ ఏ కోర్టుకు రాస్తావో రాసుకో పో," అంది. కోపానికి ఊళ్లో పేరుపడ్డవాణ్ని. ఆ మాటకు మాత్రం నాకు కోపం రాలేదు.

ధర్మవరంలో మా గోడకు ఆనుకుని ఉండేది ఆమె గది. నేతగాళ్లకు పట్టుదారం కండెలకు చుట్టి బతికేది. సొంతూరు కనగానపల్లి. భర్త చనిపోయాక మరిది చేను లాక్కుని ఆమెను వెళ్లగొట్టాడు. ఆ చేలోనే భర్త సమాధి ఉంది. ఆమె దావా వేసింది పంట కోసం కాదు. "ఆయప్ప పక్కన నన్నూ పూడ్చాల. అంతే," అనేది. చేను తనదని తేలితేనే ఆ చోటు దక్కేది.

నేను హిందూపురం నుంచి రైల్లో తెప్పించుకునే స్వరాజ్యం కరపత్రాలు చదివి తయారైనవాణ్ని. రోజూ ఆమెకు పెద్దగా చదివి వినిపించేవాణ్ని. ప్రతి కాగితానికీ ఆమె ఒకటే అడిగేది: "బాగుండాది. ఇంతకీ దీంట్లో మునిగిపోయేదెవరప్పా?" ఆ ప్రశ్నకు విసుక్కునేవాణ్ని.

పెనుకొండ మునసబు కోర్టు, అనంతపురం, మద్రాసు హైకోర్టు, మూడుచోట్లా ఓడిపోయింది. ఎందుకో పెనుకొండ ప్లీడరు వివరంగా చెప్పాడు. భర్త వాటా వితంతువుకు ఇచ్చే చట్టం ఉంది గానీ, అది సాగుభూమికి చెల్లదని ఢిల్లీ ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆ మాట కొట్టేయగలిగింది లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఒక్కటే. గడువు లోపల అవ్వ వేలిముద్ర వేస్తే మద్రాసు వకీలు అక్కడికి అప్పీలుకు అనుమతి అడుగుతాడు.

స్వరాజ్యం గుమ్మంలో ఉన్న రోజులవి. నాకు ఒళ్లు మండిపోయింది.

"తెల్లోళ్ల గడప తొక్కుతావా అవ్వా? ఢిల్లీలో మన కోర్టు ఉండాది గదా!"

"ఆడ ఎంతమంది కూర్చుంటారప్పా?"

"ముగ్గురు."

కండె చుట్టే చెయ్యి ఆగింది. "ముగ్గురేనా! మా ఊర్లో గొర్రె తప్పిపోయినా పంచాయితీకి అయిదుగురు కూర్చుంటారే. ఒగడు చుట్టమైతే వాణ్ని లేపి ఇంకొగణ్ని కూర్చోబెడతారు. నీ ముగ్గురిలో ఒగడు లేస్తే ఇద్దరే. ఆ ఇద్దరూ కొట్లాడుకుంటే విడదీసేదెవరు?"

"చట్టంలో ఏడుగురి దాకా ఉండొచ్చు. సర్కారు వెయ్యలేదు. స్వరాజ్యం రానీ, చూడు."

"మరి లండన్లో?"

"అయిదుగురు," అన్నాను గొంతు తగ్గించి.

"ఇంగేం! మా ఊరి లెక్కే. ఆడికే పంపమను."

అరుగుల మీది వాళ్లంతా పకపకా నవ్వారు. ఆ నవ్వుకు నాకు పౌరుషం వచ్చింది. వారం రోజులు పొద్దునా సాయంత్రమూ ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

పెనుకొండకు నేనే తోడు వెళ్లాను. ప్లీడరు సిరాడబ్బీ తెరిచాడు. నేను అవ్వ చెయ్యి పట్టుకుని, "వద్దవ్వా," అన్నాను.

"ఏమబ్బా, ముసలామెను ముంచుతాండావే," అన్నాడు ప్లీడరు. "ఆ చట్టం చెల్లదన్నది నువ్వు చెప్పే ఢిల్లీ కోర్టేనయ్యా. గడువు దాటితే రేపు ఎంత పెద్ద కోర్టు వచ్చినా ఈమెకు తలుపు తియ్యదు."

"స్వరాజ్యం వస్తే ఆ కోర్టే మాట మార్చుకుంటాది. తెల్లోళ్లకు దండాలు పెట్టే నోటితో నాకు చెప్పద్దు."

అవ్వ మా ఇద్దర్నీ చూసి వేళ్లు ముడుచుకుంది. "చదువుకునే పిల్లోడు. వాని మాటే వింటాలే సామీ," అంది.

గడువు దాటింది. స్వరాజ్యం వచ్చింది. మరుసటి ఏడాది నుంచి పెద్ద సివిలు అప్పీళ్లు ఢిల్లీకే పోవాలన్నారు. అయితే అప్పటినుంచి వచ్చే తీర్పులకే. అర్జీ మీద అర్జీ రాశాను. ఒక్కదానికీ బదులు రాలేదు. ఢిల్లీలో ముగ్గురు అయిదుగురయ్యారు. ఈ అక్టోబరుతో లండన్ అప్పీళ్లు పూర్తిగా రద్దయ్యాయి. నేను గొంతు చించుకుని అడిగిందంతా దక్కింది. కొత్త రాజ్యాంగంలో సుప్రీంకోర్టుకు పెద్ద జడ్జితో కలిపి ఎనిమిది మంది దాకా అని చదివి, అలవాటు కొద్దీ ఆమె దగ్గరికే పరుగెత్తాను.

"ఎనిమిది మందా! మంచిదప్పా. ఇంగ చుట్టాలు లేచిపోయినా మనుషులు మిగుల్తారు," అంది మంచంలోంచి. తన చేను ఊసెత్తలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఏ కరపత్రం చేతికొచ్చినా, మునిగిపోయేదెవరని వెతికిగానీ మడవను. ఆమె దగ్గర నేను నేర్చుకున్న చదువు అదొక్కటే.

సోమవారం మధ్యాహ్నం శవాన్ని బండిలో కనగానపల్లి తీసుకుపోయాం. మరిది శెనక్కాయ పీకిన చేను దున్నుతున్నాడు. మమ్మల్ని చూసి గట్టు దగ్గరికి వచ్చాడు. ఆయనా ముసలివాడే. తలగుడ్డ తీసి వదినెకు దండం పెట్టాడు.

"ఈడ కాదప్పా. మూడు కోర్టులు నాదే అన్నాయి. చదువుకున్నోడివి, నీకు తెల్దా?"

బండివాడు ఎద్దుల్ని ధర్మవరం వైపు మళ్లించాడు. వెనక్కి చూస్తే ఆ పెద్దమనిషి మళ్లీ మేడి పట్టాడు. అన్న సమాధి దగ్గరికి రాగానే నాగలి పైకెత్తి, ఒక్క పెళ్ల కూడా దాని మీద పడకుండా చుట్టూ తిప్పుకుని, అవతల మళ్లీ దించాడు.