బాత్రూం ఫోటో పెండింగ్

మా హెడ్మాస్టర్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున పదిలోపు ప్రార్థన ఫోటో, వంట ఫోటో, కడిగిన బాత్రూంల ఫోటో అందులో పెట్టాలి. ఆలస్యమైతే పైఆఫీసు నుంచి అందరి ముందే అక్షింతలు. బాన్సువాడలో ఆడపిల్లల హైస్కూలు నడిపే నేను ఒక్కరోజు కూడా వెనకబడలేదు. గొప్పకే చెప్తున్నాను.

నేను ఛార్జి తీసుకున్న రోజు ఒక సీనియర్ హెడ్మాస్టరు నా ముందే అన్నాడు: "గింత పెద్ద బడి, ఆడమనిషితోని అయితదా? టెన్షన్ తట్టుకుంటదా?" ఒళ్లు మండింది. అందుకే తర్వాత బీపీ వచ్చినా ఎవరికీ చెప్పలేదు. బీపీ మిషన్ ఆఫీసు బీరువాలో, సుద్దముక్కల డబ్బాల వెనక దాచాను. ఎవరడిగినా "నాకేం టెన్షన్!" అని నవ్వేదాన్ని.

మొన్న చలికాలంలో ఒకరోజు, వర్ని వైపు బడి హెడ్మాస్టరు సారు కంగారులో బాత్రూం ఫోటోకు బదులు తన బీపీ మిషన్ ఫోటో పెట్టేశాడు. నూట డెబ్బై, నూట ఐదు. డాక్టరుకు పంపాల్సింది కాబోలు. గ్రూపులో మిగతావాళ్లు తమ ఫోటోలు పెట్టుకుంటూ పోయారు. పైఆఫీసు మాత్రం వెంటనే స్పందించింది: "బాత్రూం ఫోటో పెండింగ్. వెంటనే పెట్టగలరు."

"సారీ, పొరపాటున వచ్చింది" అని రాశాడాయన. ఆ సారీ చూసి కడుపు మండింది. ఆయన బాధ చెప్పుకుంటే మగాడివై ఉండి ఏందిది అంటారు. నేను చెప్పుకుంటే ముందే చెప్పినం కదా అంటారు.

తలుపు వేసి, డబ్బాలు జరిపి, మిషన్ తీసి చేతికి పట్టీ చుట్టుకున్నాను. వచ్చిన అంకెలు చూస్తే భయమేసింది. అయినా ఫోటో తీసి గ్రూపులో పెట్టి, కింద రాశాను: "ఇది పొరపాటున పెట్టింది కాదు."

వెంటనే ఆయన ఫోన్. "మేడం, మీది నాకన్న ఎక్కువున్నదేంది! దవాఖానకు పోయిండ్రా?"

ఇన్నేళ్లలో ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి ఆయనే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బడి అయినంక పోతా సార్."

"ఇగ బడి సంగతి తర్వాత. నేను బాన్సువాడ దవాఖానకు బయల్దేరుతున్న, మీరూ రాండ్రి."

"మరి మీ బాత్రూం ఫోటో?"

"పెండింగే ఉండనియ్యుండ్రి."

దవాఖాన బెంచీ మీద మా వంతు కోసం కూర్చున్నప్పుడు ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. గ్రూపులో ఇంకో బీపీ మిషన్ ఫోటో. పెట్టింది, నన్ను "టెన్షన్ తట్టుకుంటదా?" అన్న ఆ సీనియర్ సారే. అంకెలు మా ఇద్దరికన్నా ఎక్కువ.

"ఎక్కడున్నరు సార్? మేము బాన్సువాడ దవాఖానలనే ఉన్నం, రాండ్రి" అని రాసి, పక్కన చోటు ఉంచాను.